మృగయాశరఫల విచారము

ప్రస్తావన

విజయనగరమునకు సమీపమున, చంపావతీనదికి చేరువనున్న నెల్లిమర్ల మండలములో రామతీర్థమను క్షేత్రము గలదు. అచ్చటి బోడికొండపై వెలసిన స్వామి కోదండరాముడు. ఆ పరిసరములందలి కొండలపైననే జైనశిల్పములు గలవు. గురుభక్తులకొండపై బౌద్ధవిహార శిథిలములు గలవు. ధనుర్ధారియైన దేవుడును, అహింసను పరమధర్మముగ బోధించిన రెండు మతములును ఒకే గిరిపంక్తిని పంచుకొనుట కళింగభూమికి క్రొత్తగాదు. బాణమును గూర్చిన విద్యయు, బాణమును విడువకుండుటను గూర్చిన విద్యయు ఈ నేలపై ప్రక్కప్రక్కనే వర్ధిల్లినవి.

ధనుర్వేద గ్రంథములు బాణాగ్రమున నమర్చు ఫలములను, అనగా తెలుగున అలుగు, ములికి యనబడు వానిని, పేరుపేరున లెక్కించి, ఏది దేనికి తగునో చెప్పినవి. కాని ఆ వినియోగమంతయు యుద్ధపరము. కవచమును, డాలును, వింటిని, శత్రుశిరస్సును ఛేదించుటకే యందు విధులు గలవు. మృగయయందు, అందును లేడి, దుప్పి, కణుజు మొదలగు సాధుమృగముల వేటయందు ఏ ఫలమును గ్రహింపవలెనను ప్రశ్నకు ఆ పట్టికలో నేరుగ సమాధానము కానరాదు. అయినను అర్థశాస్త్రము, ఆయుర్వేదము, ధర్మశాస్త్రము, ఇతిహాసము అను నాలుగింటిని సమన్వయించి చూచినచో నొక నిశ్చితమైన సిద్ధాంతము లభించును. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పదవిచారము

మృగశబ్దమునకు అన్వేషణార్థకమైన ధాతువు మూలము. వెదకబడునది మృగము. వెదకుట మృగయ. వెదకువాడు మృగయువు. అమరసింహుడు బాణపర్యాయములలో మార్గణశబ్దమును గూడ పఠించెను. అదియు అన్వేషణార్థకమే. కావున వేట, వేటాడబడునది, వేటగాడు, వేటకు సాధనము అను నాలుగును వెదకుట యను నొక్క భావముచుట్టు నల్లుకొన్నవి. వేటలో ప్రధానక్రియ చంపుట గాక వెదకుట యని భాషయే సూచించుచున్నది. ఈ సూచన ముందు ఉపయోగపడగలదు.

మృగజాతులలో కృష్ణసారము, రురువు, శంబరము, పృషతము, ఏణము, ఋశ్యము మున్నగునవి అమరకోశమున గలవు. వీనిలో కృష్ణసారము తెలుగువారి కృష్ణజింక. పృషతము చుక్కల దుప్పి. శంబరము కణుజు. వీని దేహపరిమాణమున నెంతయో భేదము గలదు. జింకకు తగిన ములికి కణుజునకు చాలకపోవచ్చును.

బాణాంగములకు అచ్చతెనుగు పేర్లు గలవు. బాణమునకు అమ్ము, తూపు, కోల. అగ్రమునకు అలుగు, ములికి. ఈకలు కట్టిన వెనుకభాగమునకు పింజ. వింటిత్రాటికి నారి, గొనయము, అల్లెత్రాడు. తూణీరమునకు అమ్ములపొది, దొన. కొమ్ముతో జేసిన వింటికి సింగిణి. ఇన్ని దేశ్యపదములు గల భాషలో ఈ విద్య కేవలము గ్రంథస్థముగనే యుండెననుట పొసగదు.

బాణాగ్రము మొదటినుండియు ఇనుపది కాదు. ఋగ్వేదము ఆఱవ మండలమున యుద్ధోపకరణములను స్తుతించు సూక్తమున బాణమునకు పక్షియీక వస్త్రమనియు, మృగము దంతమనియు వర్ణితమైనది. లేడికొమ్ముతో చేసిన ములికి యని దీనికి వ్యాఖ్యానము. ఆ సూక్తముననే విషము పూసిన బాణమును, రురుశీర్షమైన బాణమును, లోహముఖమైన బాణమును పేర్కొనబడినవి. లేడిని చంపు అలుగు లేడికొమ్మునుండియే పుట్టినదనుట ఈ చరిత్రలో తొలి మెట్టు.

ఫలభేదములు

వాసిష్ఠధనుర్వేదమునందును, 1363లో సంకలితమైన శార్ఙ్గధరపద్ధతియందును ఫలములు పది పేర్కొనబడినవి. అవి ఆరాముఖము, క్షురప్రము, గోపుచ్ఛము, అర్ధచంద్రము, సూచీముఖము, భల్లము, వత్సదంతము, ద్విభల్లము, కర్ణికము, కాకతుండము. దేశభేదమును బట్టి ఇంకను అనేకరూపములు గలవని ఆ గ్రంథములే యంగీకరించినవి. పాఠభేదములున్నను వినియోగము స్థూలముగ నిట్లు తేలుచున్నది. ఆరాముఖము డాలును, క్షురప్రము వింటిని, సూచీముఖము కవచమును, అర్ధచంద్రము శిరస్సును, భల్లము హృదయమును, ద్విభల్లము నారిని, కాకతుండము లోహమును భేదించుటకు. గోపుచ్ఛము గురిని కొట్టుటకు.

ఇందు గోపుచ్ఛమును గూర్చిన మాట విశేషముగ గమనింపదగినది. అభ్యాసలక్ష్యమునకు వేఱు ములికి, ప్రాణిదేహమునకు వేఱు ములికి యను వివేకము ఆనాడే యున్నది. నేటి విలువిద్యాపోటీలలో వాడు ములికియు ఆకురెక్కలు లేని నునుపైన మొనయే. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడలయందు విజయవాడ వాసియగు వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణపతకములు సాధించినది ఇట్టి నునుపుమొన గల బాణములతోనే. గురిబల్లకు గుచ్చుకొనుటయు, మరల సులభముగ ఊడి వచ్చుటయు ఆ మొనకు గావలసిన గుణములు. ప్రాణిదేహమున ఈ గుణములే దోషములగును. అట్టి మొన నరములను, రక్తనాళములను కోయక ప్రక్కకు త్రోసికొని పోవును. గాయము మూసికొనును. మృగము పరుగెత్తి, ఎక్కడనో దినముల తరబడి కృశించి చచ్చును.

కౌటిల్యుడు ఆయుధాగారాధ్యక్ష ప్రకరణమున వేణు, శర, శలాకా, దండాసన, నారాచములను బాణజాతులను చెప్పి, వాని ముఖములు ఛేదనము, భేదనము, తాడనము అను మూడు ప్రయోజనములకై ఇనుముతోను, ఎముకతోను, కొయ్యతోను చేయబడుననెను. ఛేదనమనగా కోయుట. భేదనమనగా చొచ్చుకొనిపోవుట. తాడనమనగా మొద్దుగ కొట్టుట. ఈ త్రివిధవిభాగమే ప్రస్తుతవిచారమునకు గీటురాయి.

పూర్వపక్షములు

మొదటి పూర్వపక్షము: కోయుటయే ప్రధానమైనచో, అత్యంతము వెడల్పైన అర్ధచంద్రముగాని, మంగలికత్తివంటి క్షురప్రముగాని గ్రహింపరాదా? ఇది పొసగదు. అర్ధచంద్రమునకు ముందు మొన లేదు. రెండు కొమ్ములు మాత్రము గలవు. మెడ, నారి, ధ్వజదండము వంటి సన్నని వస్తువును ఖండించుటకు అది తగును. ప్రక్కటెముకల పంజరమును చొచ్చి లోనికి పోవుటకు తగదు. చర్మముమీదనే దాని బలము వ్యయమైపోవును. మఱియు వెడల్పు మిక్కుటమైన ములికి బాణమునకు ముందువైపున రెక్కవలె పనిచేసి గాలికి ప్రక్కకు లాగును. దానిని సరిదిద్దుటకు పింజవైపున పెద్దయీకలు కావలెను. సాధారణబాణమునకు ఆఱంగుళముల యీకలు, శార్ఙ్గమునకు పదియంగుళముల యీకలు కట్టవలెనని ధనుర్వేదము విధించుటలో ముందు బరువునకు, వెనుక ఈకకు గల తూకమును గూర్చిన యెఱుక కానవచ్చుచున్నది.

రెండవ పూర్వపక్షము: చొచ్చుటయే ప్రధానమైనచో సూచీముఖముగాని, ముద్దలోహపు నారాచముగాని చాలదా? ఇదియు పొసగదు. సూచీముఖము భేదనమునకు శ్రేష్ఠము. ఛేదనమునకు శూన్యము. కవచధారియగు యోధునకు చిన్నరంధ్రమైనను ప్రమాదమే. కవచము లేని మృగమునకు సూదిపోటు తత్క్షణ మారకము గాదు. తుపాకిగుండు తన వేగముచే దేహమును చితుకగొట్టి చంపును. బాణమునకట్టి వేగము లేదు. అది కోసి, రక్తమును స్రవింపజేసి మాత్రమే చంపగలదు. ఈ భేదమును మఱచుటయే వేటయందలి క్రూరత్వమునకు మొదటి కారణము.

మూడవ పూర్వపక్షము: కర్ణికము, అనగా వెనుకకు వంగిన కొక్కెములు గల ములికి, దేహమునుండి ఊడిరాదు గనుక అదియే మేలుగదా? ఇది గంభీరమైన పక్షము. దీనికి వేఱుగ సమాధానము చెప్పవలెను.

కర్ణినిషేధము

మనుస్మృతి ఏడవ అధ్యాయమున యుద్ధమున వాడరాని ఆయుధములలో కూటాయుధము, కర్ణి, దిగ్ధము, అగ్నిజ్వలితము అనునవి చెప్పబడినవి. భారతము ద్రోణపర్వమునను ధర్మయుద్ధమున కర్ణి, నాళీక, విషలిప్తాది బాణములు వాడబడలేదని ప్రశంస గలదు. ఇట విపక్షి ఇట్లనవచ్చును. ఆ నిషేధము మనుష్యులతోడి యుద్ధమునకు చెందినది, మృగయకు దాని ప్రసక్తి లేదు అని.

మీమాంసకుల న్యాయమునుబట్టి దృష్టప్రయోజనము సంభవించుచుండగా అదృష్టమును కల్పింపరాదు. కర్ణి నిషేధమునకు దృష్టమైన హేతువు గలదు. దానిని సుశ్రుతుడు విశదీకరించెను. శల్యములన్నిటిలోను లోహశల్యమును, అందును శరమును ముఖ్యముగ గ్రహించి, అది కర్ణి యనియు శ్లక్ష్ణమనియు రెండు విధములని ఆయన విభజించెను. వాని యాకృతులు ప్రాయికముగ చెట్ల ఆకులను, పువ్వులను, పండ్లను, మృగపక్షుల ముఖములను పోలియుండుననెను. శస్త్రవైద్యుడు చేసిన ఈ వర్ణనమునకు ధనుర్వేదమందలి వత్సదంత, కాకతుండాది నామములతో సంవాదము కుదురుట శాస్త్రములు పరస్పరము సాక్ష్యము పలుకుటకు మంచి యుదాహరణము.

శల్యమును దీయుటకు సుశ్రుతుడు చెప్పిన మార్గములు రెండే. ప్రతిలోమము, అనగా వచ్చిన దారిని వెనుకకు లాగుట. అనులోమము, అనగా పోయిన దిశగనే ముందుకు త్రోసి ఆవలవైపునకు వెడలించుట. కర్ణిని ప్రతిలోమముగ లాగినచో ఆ కొక్కెములు మాంసమును, సిరలను చీల్చును. రోమకవైద్యగ్రంథకర్తయగు సెల్సస్ క్రీస్తుశకము తొలిశతాబ్దమున తన ఏడవ గ్రంథమున బాణములను దీయుటకు ఈ రెండు మార్గములనే చెప్పుట యిచట స్మరణీయము. వేఱువేఱు దేశముల వైద్యులు ఒకే గాయమునుండి ఒకే పాఠము నేర్చిరి.

కావున కర్ణినిషేధమునకు హేతువు శత్రువు మనుష్యుడగుట గాదు. గాయము మాన్పరానిదగుట. మనుష్యునకు వైద్యుడుండును. అడవిలో పాఱిపోయిన లేడికి వైద్యుడెవడు? హేతువు ఎచట అధికతరముగ నున్నదో అచట నిషేధము బలవత్తరమగునే గాని సడలదు. ఇది కైముతికన్యాయము.

విపక్షి యుక్తిని యుక్తితోను ఖండింపవచ్చును. ఊడిరాని ములికి గాయమునకు బిరడావలె అడ్డుపడును. రక్తము బయటికి రాదు. రక్తము రానిచో జాడ దొరకదు. మనువు ఎనిమిదవ అధ్యాయమున రాజు అనుమానప్రమాణముచే ధర్మమును కనుగొనుటకు దృష్టాంతముగ, వేటగాడు నేలపై పడిన రక్తబిందువులను బట్టి మృగముయొక్క అడుగును కనుగొనుటను చెప్పెను. న్యాయనిర్ణయమునకు ఉపమానము కాదగినంత ప్రసిద్ధమైనది ఆ విద్య. ఉత్తమమైన అలుగు రెండు ప్రక్కలను చొచ్చి పోయి, రెండు ద్వారములు చేసి, స్పష్టమైన రక్తరేఖను నేలపై విడువవలెను. మృగయాశబ్దమునకు వెదకుట యర్థమని పైన చెప్పబడినది. కొట్టిన తరువాత వెదకి పట్టలేనివాడు మృగయువనిపించుకొనడు. అమెరికాలో విల్లుతో జింకలను వేటాడుట చట్టసమ్మతమైన రాష్ట్రములలో కొన్ని వెనుకకు వంగిన కొక్కెముల ములికిని నేటికిని నిషేధించుచున్నవి. మనువు చెప్పిన హేతువే వేఱు మాటలలో అచట చట్టమైనది.

దిగ్ధనిషేధము

విషము పూసిన ములికిని దిగ్ధమనియు, లిప్తకమనియు నందురు. దానితో వేటాడుట సులభము. చిన్నగాయమైనను చాలును. కాని వేట యాహారమునకై జరుగునది. చరకుడు అన్నపానవిధియందు విషముచే చచ్చిన మృగముయొక్క మాంసమును విడువవలెననెను. సుశ్రుతుడు ఇంకను స్పష్టముగ, దిగ్ధవిద్ధమైన జంతువు మాంసమును అభక్ష్యములలో పఠించెను. ఇట్లు ధర్మశాస్త్రము యుద్ధమున నిషేధించినదానిని ఆయుర్వేదము వంటయింట నిషేధించినది. మాంసము పనికిరాని వేట హింసామాత్రమే యగును.

సిద్ధాంతము

కర్ణిక, దిగ్ధములు నిషిద్ధములు. అర్ధచంద్ర, క్షురప్రములు చొరవు. సూచీముఖ, కాకతుండ, నారాచములు కోయవు. గోపుచ్ఛము అభ్యాసమునకు చెందినది. ద్విభల్లము నారిని త్రెంచుటకు నియతమైనది. ఆరాముఖము గట్టిచర్మపు డాలునకు చెందినది. వత్సదంతము చిన్నది, దానికి ధనుర్వేదమున ప్రత్యేకవినియోగము స్పష్టముగ లేదు. పారిశేష్యముచే భల్లము మిగులుచున్నది. పారిశేష్యముచేతనే గాక విధిచేతను అది సిద్ధించుచున్నది. హృదయవేధమునకు భల్లమే చెప్పబడినదిగదా. ముందు వాడిమొన, రెండువైపుల కోయు అంచులు, వెనుక కొక్కెములు లేని నునుపైన భుజములు గల ఆకువంటి అలుగును భల్లమని గ్రహించినచో, భేదనఛేదనములు రెండును దానియందొకటిగ సమావేశమగుచున్నవి. శ్లక్ష్ణమగుటచే మనునిషేధమునకును అది లోబడదు.

హృదయమే యేల? సుశ్రుతుడు నూటయేడు మర్మములను సద్యఃప్రాణహరములు 19, కాలాంతరప్రాణహరములు 33, విశల్యఘ్నములు 3, వైకల్యకరములు 44, రుజాకరములు 8 అని విభజించెను. హృదయము సద్యఃప్రాణహరము. ఉరస్సునందలి స్తనమూల, స్తనరోహిత, అపలాప, అపస్తంభములు కాలాంతరప్రాణహరములు. ఇవి మనుష్యదేహమును గూర్చి చెప్పబడినవైనను, గురి నాలుగంగుళములు తప్పినచో క్షణమరణము దీర్ఘమరణముగ మాఱునను సత్యము మృగదేహమునకును సమానము. కావున వెడల్పైన అలుగును గ్రహించుట గురి తప్పుటకు పరిహారము గాదు. గురి కుదిరినపుడు మరణమును శీఘ్రము చేయుటకు మాత్రమే.

లక్ష్యము స్థిరము, చలము, చలాచలము, ద్వయచలము అని నాలుగు విధములని ధనుర్వేదము. విలుకాడును గురియు నిలిచియుండునది స్థిరము. రెండును కదలునది ద్వయచలము. రథముపైనుండి పాఱు లేడిని కొట్టుట ద్వయచలము. అది శౌర్యమునకు పరీక్ష కావచ్చును గాని హృదయవేధమునకు తగిన సమయము గాదు. నిలిచి, ప్రక్కకు తిరిగి, తెలియక మేయుచున్న మృగమే భల్లమునకు తగిన లక్ష్యము.

అలుగు చేయు విధానమును గూర్చియు గ్రంథములలో సాయము గలదు. పిప్పలి, సైంధవలవణము, కుష్ఠము గోమూత్రముతో నూఱి, ఆ ముద్దను ఫలమునకు పట్టించి, నిప్పులో కాల్చి, నెమలిమెడ వన్నె వచ్చినపుడు నిర్మలజలమున ముంచవలెనని పాయనవిధి. పాయనమనగా త్రాగించుట. కమ్మరులు పదను పెట్టుటయని చెప్పునది యిదియే. వరాహమిహిరుడును ఖడ్గలక్షణమున నీ పాయనభేదములను చెప్పెను. ఉక్కును కాల్చునపుడు పైకి తేలు రంగులలో నీలము, పసిమి దాటిన తరువాత వచ్చునది. ఆ నీలపు పదను గల ఉక్కు మిక్కిలి పెళుసుగ నుండక కొంత వంగి నిలుచును. ఎముకకు తగిలి అంచు చిట్లిపోయిన అలుగు కోయదు. కావున నెమలిమెడ వన్నె యనునది కవిసమయము గాదు, కొలిమియొద్ద నిలిచి చూచినవాడు చెప్పిన కొలత. పదను పెట్టిన పిదప సానపట్టి, అంచు మొక్కపోకుండ పొదిలో నుంచుట విలుకాని నిత్యకృత్యము. మొక్కపోయిన భల్లము గోపుచ్ఛముతో సమానము.

కణుజువంటి పెద్దమృగమునకు అలుగు వెడల్పును గాక బరువును పెంచవలెను. బరువు ముందునకు చేరిన బాణము ఎముకలమధ్య ఆగక లోనికి పోవును. శరకాండములలో అగ్రస్థూలము స్త్రీ యనియు, పశ్చాత్స్థూలము పురుషుడనియు, సమము నపుంసకమనియు ధనుర్వేదము విభజించి, నపుంసకమును లక్ష్యాభ్యాసమునకు నియమించుటయు కాండమునకు, ఫలమునకు పొంతన యుండవలెననుటకే.

ఇతిహాససాక్ష్యము

తగిన అలుగు చేతనున్నను విడువరాని సమయములు గలవని మూడు కథలు చెప్పుచున్నవి. దశరథుడు సరయూతీరమున కుండలో నీరు నిండు సవ్వడిని ఏనుగు సవ్వడిగ భ్రమించి ముని కుమారుని కొట్టెను. వాల్మీకి వర్ణించిన ఆ సన్నివేశమున బాణము దేహముననున్నంతసేపు బాలకునకు యాతన, తీసినచో మరణము. తీయుటయా, ఉంచుటయా యని రాజు తల్లడిల్లెను. స్థానము వేఱైనను, శల్యము ఉన్నంతవఱకే ప్రాణముండునను విశల్యఘ్నలక్షణమునకు ఇంతకంటె బాధాకరమైన ఉదాహరణము లేదు. కాళిదాసు రఘువంశము తొమ్మిదవ సర్గమున ఈ కథకు ముందు మఱియొక చిత్రమును నిలిపెను. తన ప్రియునకు అడ్డుగ నిలిచిన లేడిని చూచి దశరథుడు ఆకర్ణాంతము లాగిన బాణమును కృపతో ఉపసంహరించెను. ఒకే సర్గమున ఒకే రాజు కంటితో చూచినపుడు ఆగెను, చెవితో విన్నపుడు విడిచెను.

పాండురాజు మృగరూపమున సంగమించుచున్న కిందమ మునిని ఐదు బాణములతో కొట్టెను. నన్నయ ఆదిపర్వమునను ఈ కథ గలదు. ముని ఆక్షేపించినది వేటను గాదు, వేళను. మృగయ రాజధర్మమే యైనను సంగమకాలమున కొట్టరాదనుటయే ఆయన వాదము.

మూడవది భాగవతము ఏకాదశస్కంధమందలిది. ముసలమును అరగదీయగా మిగిలిన ఇనుపతునక చేప కడుపున దొరకగా, జరుడను వ్యాధుడు దానిని తన బాణమునకు ములికి చేసికొనెను. ఆ ములికి లేడికొఱకు చేసినదే. పొదలలో కానవచ్చిన శ్రీకృష్ణుని పాదమును లేడిముఖమని తలచి దానిని విడిచెను. అలుగు దోషము లేదు, పదను దోషము లేదు. తెలియక విడుచుట యొకటే దోషము.

మనువు తొమ్మిదవ అధ్యాయమున పొలము మోడులు నఱికి సాగుచేసినవానిదనియు, మృగము మొదట శల్యమును నాటినవానిదనియు చెప్పెను. వేటగాండ్ర నడుమ ఇది స్వామ్యనిర్ణయము. కాని శల్యము నాటినవానిదే మృగమైనచో, ఆ శల్యము కలిగించిన బాధయు వానిదే యగును. స్వామ్యము, బాధ్యత ఒక్క ములికిని ఆశ్రయించియున్నవి.

దేశకాలములు

కళింగమున ఈ విచారము నేటిది కాదు. గంజాం జిల్లాలో ఋషికుల్యాతీరమందలి జౌగడ శిలాశాసనములలో అశోకుడు తన వంటశాలకు పూర్వము లెక్కకు మించిన ప్రాణులు చంపబడుచుండగా, తరువాత రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే మిగిలినవనియు, ఆ లేడియు నియతముగ గాదనియు చెప్పుకొనెను. మృగయాప్రధానములైన విహారయాత్రలు ధర్మయాత్రలుగ మాఱినవనియు చెప్పెను. కౌటిల్యసంప్రదాయము అభయవనములందలి మృగపక్షిమత్స్యములను చంపినవారికి ఉత్తమసాహసదండమును విధించినది. ఆ కౌటిల్యుడే మృగయలో వ్యాయామము, కదలు గురిపై అభ్యాసము, మృగముల కోపభయములను గుర్తించు జ్ఞానము కలవని గుణములను గూడ లెక్కించెను. మనువు కామజవ్యసనములలో మృగయను మొదట పఠించెను. శాస్త్రము ఒక్కగొంతుతో పలుకలేదు. గుణదోషములను రెంటిని తూచినది.

నేడు భారతదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1991 నాటి దాని సవరణ మృగయాక్రీడకు తెర దించినవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనుల సంప్రదాయహక్కులను గుర్తించుచు, వేటను మాత్రము మినహాయించినది. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు. కావున పైన నిర్ణయించిన భల్లపక్షము మన దేశమున ఆచరణకు గాదు, అవగాహనకు మాత్రమే.

అవగాహనకైనను ఆలస్యము తగదు. ఐతరేయబ్రాహ్మణము ఆంధ్ర, పుండ్ర, పుళింద, మూతిబులతో శబరులనొకచోట చెప్పినది. ఆ శబరనామము ధరించిన సవరలు నేటికిని పార్వతీపురం మన్యం జిల్లాలో సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండలలో నివసించుచున్నారు. గిడుగు రామమూర్తి పంతులు వారి భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును సమకూర్చి శాస్త్రపండితులకు దారి చూపెను. విల్లమ్ములు వారి యిండ్లలో వేలాడుచున్నను, వాని ప్రయోజనము తొలగినందున, అలుగుల రూపభేదములకు గల పేర్లు, కమ్మరి వానికి పదను పెట్టు తీరు, ఏది ఏ మృగమునకని పెద్దలు చెప్పు మాట తరమునకు తరము క్షీణించుట సహజము. వేట ఆగుట ధర్మము. దానితోపాటు ఆ పదసంపదయు, ఆ వివేకమును ఆగిపోవుట నష్టము.

ధనుర్వేదకర్త దశఫలములను చెప్పి, దేశదేశములందు ఇంకను బహురూపములు గలవని విడిచిపెట్టెను. ఆ విడిచిన భాగమును పూరింపవలసినది ప్రాచ్యకళాశాలల అధ్యాపకులును, వారి విద్యార్థులును. వ్రాతప్రతులతోపాటు కొలిమిని, కొండపల్లెను గూడ పాఠముగ గ్రహించి, ఒక్కొక్క ములికి రూపమును గీసి, దాని సవర, జాతాపు, తెలుగు నామములను ప్రక్కన వ్రాసికొనినచో, శార్ఙ్గధరుని పట్టికకు ఉత్తరాంధ్రము చేర్చదగిన అనుబంధము సిద్ధమగును. ఆ పట్టికలో ప్రతి పేరునకెదుట రెండు విషయములు వ్రాయవలెను. ఆ అలుగు దేనిని కోయును అనునది మొదటిది. దానిని ఎప్పుడు విడువరాదు అనునది రెండవది. రెండవదానిని మఱచిన విద్య దశరథుని చేత, జరుని చేత ఏమైనదో ఇతిహాసపురాణములు చెప్పియే యున్నవి.